రిపోర్టులు నార్మల్, ఊపిరి మాత్రం అందదు: గొంతు కండరాలు బిగిస్తే జరిగేదేమిటి?

సంక్షిప్తంగా: గుండె, ఊపిరితిత్తులు, రక్తం అన్నీ బాగున్నా ఊపిరి అందడం లేదనిపించడానికి ప్రధానంగా మూడు కారణాలుంటాయి. గాలి పీల్చేటప్పుడు తెరుచుకోవాల్సిన స్వరతంత్రులు (గొంతులో మాట పుట్టించే రెండు పొరలు) మూసుకుపోవడం, అవసరానికి మించి గాలి పీల్చే అలవాటు పడటం, మెడ, గొంతు కండరాలు ఎప్పుడూ బిగుసుకుని ఉండటం. ఈ మూడింటిలోనూ ‘గట్టిగా ఊపిరి పీల్చు’ అన్న సలహా ఇబ్బందిని పెంచుతుంది. మేలు చేసేది నిదానంగా, పొడవుగా గాలి వదలడం. అయితే ప్రమాదకరమైన జబ్బులేవీ లేవని పరీక్షల్లో తేలాకే ఈ దారి పట్టాలి.

ఎక్స్‌రే బాగుంది. ఈసీజీ బాగుంది. వేలికి పెట్టిన ఆక్సీమీటర్ 98 చూపిస్తోంది. అయినా మనిషి ‘ఊపిరి ఆడటం లేదు, గొంతు ఎవరో పిసికినట్టుంది’ అంటూనే ఉంటాడు. తిరుపతి, చిత్తూరు వైపు ఇలాంటి బాధకు ఆసుపత్రి గడప తొక్కకముందే ఇంట్లోవాళ్లు ఒక పేరు పెట్టేస్తారు. పెద్దవాళ్లయితే ‘గ్యాస్ పైకి తన్నింది’ అంటారు. పాత ఉబ్బసం ఉన్నవారికైతే ‘మళ్లీ ఆయాసం మొదలైంది’. వయసులో ఉన్న ఆడవాళ్లకైతే చాలా తేలిగ్గా ‘టెన్షన్’. రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చాక మిగిలేది ఒక్కటే మాట: ‘నీకేం లేదు, అంతా మనసులోనే’. ఆ మాటే సరికాదు. ఊపిరి అందని ఆ సమయంలోనే గొంతులోకి సన్నని కెమెరా గొట్టం పంపి చూస్తే కొందరిలో దారి నిజంగానే మూసుకుపోతూ కనిపిస్తుంది.

తెరిచేది ఒక్క జత, మూసేవి ఎన్నో

మెడ ముందువైపు చేతికి తగిలే ముడి వెనకే స్వరపేటిక ఉంటుంది. అందులో రెండు స్వరతంత్రులు ‘వి’ ఆకారంలో అమరి ఉంటాయి. వీటికి మూడు పనులు. మింగేటప్పుడు అన్నం, నీళ్లు గాలిగొట్టంలోకి పోకుండా మూసుకోవడం, మాట్లాడేటప్పుడు దగ్గరికొచ్చి కంపించడం, ఊపిరి పీల్చేటప్పుడు వెడల్పుగా తెరుచుకోవడం. మూసే పనికి చాలా కండరాలున్నాయి. తెరిచే పని చేసేది వెనకవైపున్న ఒకే ఒక్క జత. ఊపిరితిత్తులను కాపాడటమే స్వరపేటిక మొదటి బాధ్యత కాబట్టి ఏ చిన్న అనుమానం వచ్చినా మూసుకోవడానికే అది మొగ్గుతుంది.

జలుబు, కోవిడ్ లాంటి వైరస్ జ్వరాల తర్వాత, పుల్లటి తేన్పులు గొంతుదాకా వస్తున్నప్పుడు, ముక్కు వెనక నుంచి కఫం కారుతున్నప్పుడు ఈ ప్రాంతంలోని నరాలు మరీ సున్నితంగా తయారవుతాయి. అప్పుడు మామూలు అగరుబత్తి పొగకు కూడా స్వరతంత్రులు పీల్చే సమయంలోనే దగ్గరికి వచ్చేస్తాయి. ముందు భాగం మూసుకుపోయి వెనక చిన్న సందు మాత్రం మిగులుతుంది. గాలంతా ఆ సందులోంచే దూరాలి. సన్నటి స్ట్రాతో ఊపిరి పీల్చినట్టు ఉండటం, గొంతు దగ్గర ‘ఈ...’ అని కీచు శబ్దం రావడం అందుకే.

1983లో అమెరికా వైద్యులు ఉబ్బసం అనుకుని ఏళ్ల తరబడి మందులు వాడిన ఐదుగురి కేసులను ప్రచురించి, లోపం ఊపిరితిత్తుల్లో కాదు, స్వరతంత్రుల్లో ఉందని చూపించారు. అప్పటి నుంచి దీన్ని వోకల్ కార్డ్ డిస్‌ఫంక్షన్ అంటున్నారు. ఇప్పుడు ఇండ్యూసిబుల్ లారింజియల్ అబ్‌స్ట్రక్షన్ అనే పేరు వాడుకలోకి వచ్చింది. పేరు ఏదైనా వైద్యం అదే.

ఉబ్బసానికీ దీనికీ తేడా ఎక్కడ

రెండూ ఆయాసమే కాబట్టి పొరపాటు సహజం. కానీ జాగ్రత్తగా గమనిస్తే తేడా పట్టుకోవచ్చు. ఉబ్బసంలో గాలి వదలడం కష్టం. పిల్లికూతలు ఛాతీలోంచి వస్తాయి, రాత్రి, తెల్లవారుజామున ఎక్కువవుతాయి. గొంతు మూసుకునే ఇబ్బందిలో పీల్చడం కష్టం. బిగుతు ఎక్కడని అడిగితే చెయ్యి ఛాతీ మీదికి కాదు, గొంతు దగ్గరికి పోతుంది. క్షణాల్లో మొదలై, చాలాసార్లు నిమిషాల్లోనే తగ్గుతుంది. నిద్రలో రావడం తక్కువ.

శ్రమతో వచ్చేదానిలో ఇంకో గుర్తు ఉంది. పరుగు, మెట్లెక్కడం లాంటి శ్రమ తారస్థాయిలో ఉన్నప్పుడు గొంతు పట్టేసి, ఆగగానే అయిదు నిమిషాల్లోపు సర్దుకుంటే అనుమానం స్వరపేటిక మీదే ఉండాలి. శ్రమతో వచ్చే ఉబ్బసం ఎక్కువగా పని ఆపేశాక ముదురుతుంది. అయిదు నుంచి పదిహేను నిమిషాల మధ్య బాగా బాధ పెడుతుంది.

ఇన్‌హేలర్ కూడా ఒక సాక్ష్యమే. స్పైరోమెట్రీలో (గొట్టంలోకి ఊదించి ఊపిరిని కొలిచే పరీక్ష) ఒకసారి ఊది, ఊపిరిగొట్టాలను వెడల్పు చేసే సాల్బుటమాల్ మందు పీల్చి, 15 నిమిషాల తర్వాత మళ్లీ ఊదినప్పుడు మొదటి సెకనులో వదిలిన గాలి కనీసం 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరిగితే ఉబ్బసం వైపు మొగ్గు. పెరగకపోతే, పైగా గాలి పీల్చే గీత గ్రాఫులో కిందివైపు చదునుగా ఉంటే గొంతు చూడాలి. ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే చాలాచోట్ల వదిలే ఊపిరినే కొలిచి వదిలేస్తారు. గట్టిగా పీల్చే భాగాన్ని కూడా రికార్డు చేయమని అడగాలి.

రెండు జబ్బులూ ఒకే మనిషిలో ఉండటం అరుదు కాదు. అందుకే ‘గొంతు సమస్యే’ అని తెలిసిన మర్నాడే ఇన్‌హేలర్లు పారేయకూడదు. తగ్గించడం, ఆపడం వైద్యుడి లెక్క ప్రకారమే జరగాలి. అలాగని గొంతు సమస్యను ఉబ్బసం అనుకుని నెలనెలా స్టెరాయిడ్ మాత్రలు మింగితే ఊపిరికి ఒరిగేదేమీ ఉండదు. షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి.

గాలి చాలక కాదు, ఎక్కువై

రెండో కారణం వినడానికి విడ్డూరంగా ఉంటుంది. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు, ఒక్కోసారి దాదాపు అరలీటరు గాలి పీలుస్తాడు. నిమిషానికి ఆరేడు లీటర్లు సరిపోతుంది. భయం, దిగులు, నొప్పి, పాత జబ్బు మిగిల్చిన అలవాటు వల్ల కొందరు తెలియకుండానే దీనికి రెండింతలు పీలుస్తుంటారు. మాటిమాటికీ నిట్టూర్పులు, ఆవులింతలు. ‘ఊపిరి అడుగుదాకా పోవడం లేదు’ అన్న అసంతృప్తి.

రక్తంలో ఆక్సిజన్ అప్పటికే 98 శాతం ఉంది. నిండిన బిందెలో ఇంకో చెంబు పోస్తే పొర్లిపోవడమే తప్ప నిలవదు. కానీ ఎక్కువ ఊపిరితో కార్బన్ డయాక్సైడ్ మాత్రం బయటికి పోతుంది. రక్తంలో దాని పీడనం 35 నుంచి 45 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అంతకంటే తగ్గితే రక్తంలో ఆమ్లత తగ్గుతుంది, కరిగి తిరిగే కాల్షియం తగ్గి నరాలు చిటపటలాడతాయి. వేళ్లు, పెదాల చుట్టూ తిమ్మిరి, చేతులు కొంకర్లు పోవడం దాని ఫలితాలే. మెదడు రక్తనాళాలు సన్నబడి తల తేలిపోతుంది, చూపు మసకబారుతుంది. ఛాతీ బిగుస్తుంది. ఈ లక్షణాలు చూసి భయం పెరుగుతుంది. భయంతో ఊపిరి ఇంకా పెరుగుతుంది.

ఇదేమీ ఈ కాలపు జబ్బు కాదు. అమెరికా అంతర్యుద్ధ సైనికుల్లో గుండె దడ, ఆయాసం ఉండి గుండె జబ్బు కనిపించని కేసులను జేకబ్ డాకోస్టా అనే వైద్యుడు 1871లోనే గ్రంథస్థం చేశాడు. ఇప్పుడు అతిశ్వాసను అంచనా వేయడానికి నైమేఖన్ ప్రశ్నావళి వాడతారు. 16 ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి 4 మార్కులు, మొత్తం 64. మార్కులు 23 దాటితే అతిశ్వాస అనుమానం బలపడుతుంది. అదొక్కటే రుజువు కాదు.

మింగితే తగ్గే ముద్ద, మింగితే పెరిగే ముద్ద

మూడోది కండరాల బిగుతు. పై ఛాతీతో ఊపిరి పీల్చేవారికి మెడ పక్క కండరాలు ప్రతి శ్వాసకూ పని చేయాలి. రోజుకు ఇరవై వేల దాకా శ్వాసలు. సాయంత్రానికి మెడ రాయిలా తయారవుతుంది. దవడ బిగుస్తుంది, నాలుక మొదలు వెనక్కి లాగుతుంది, స్వరపేటిక పైకి ఎక్కి కూర్చుంటుంది. గొంతులో ఉసిరికాయంత ముద్ద అడ్డం పడినట్టు అనిపిస్తుంది. బడిపంతుళ్లు, బస్టాండులో కేకలేసి అమ్ముకునేవారు, రోజంతా ఫోన్లో మాట్లాడే ఉద్యోగులు దీని బారిన ఎక్కువగా పడతారు.

ఇక్కడ తేల్చుకోవాల్సింది ఒకే విషయం. ఉత్త లాలాజలం మింగినప్పుడు ముద్ద తెలుస్తూ, సంగటి ముద్ద మింగినప్పుడు తెలియకుండా పోతే అది చాలావరకు కండరాల బిగుతే. తిండి మింగేటప్పుడే అడ్డుపడుతూ, గట్టి పదార్థం దిగక నీళ్లు తాగాల్సి వస్తుంటే, బరువు తగ్గుతుంటే, గొంతు బొంగురు మూడు వారాలు దాటినా పోకపోతే సాధనలతో రోజులు గడపకూడదు. పొగ, గుట్కా, పొగాకు అలవాటుంటే మరీ.

మాటిమాటికీ గొంతు సవరించుకోవడం ఈ సమస్యకు పెద్ద శత్రువు. ‘హుఁ’ అన్న ప్రతిసారీ రెండు స్వరతంత్రులు గట్టిగా కొట్టుకుంటాయి. అవి ఉబ్బి కఫం ఉన్నట్టు అనిపిస్తుంది, మళ్లీ సవరించుకోవాలనిపిస్తుంది. ఆ కోరిక వచ్చినప్పుడు ఒక గుటక నీళ్లు మింగి, గడ్డం కొంచెం కిందికి వంచి మరోసారి గట్టిగా మింగితే చాలు.

తాలింపు ఘాటు, రాత్రి భోజనం, కొండ మెట్లు

ఈ ప్రాంతపు జీవనంలో గొంతును రెచ్చగొట్టేవి కొన్ని ఉన్నాయి. ఎండుమిరపకాయల తాలింపు ఘాటు అన్నిటికంటే ముందుంటుంది. కిటికీ తెరిచి, మూత పెట్టి, మంట తగ్గించి తాలింపు వేస్తే సగం సమస్య తీరుతుంది. పూజగదిలో సాంబ్రాణి, కర్పూరం పొగ తలుపు మూసి వేయకూడదు. గ్రానైట్ కోత, పాలిష్ యూనిట్లలో, బెల్లం గానుగల దగ్గర పనిచేసేవారి సంగతి వేరు. రాతి ధూళి, గానుగ పొయ్యిల పొగ ఊపిరితిత్తులనే పాడు చేస్తాయి. వారి ఆయాసాన్ని ఎక్స్‌రే లేకుండా గొంతు ఖాతాలో వేయడం ప్రమాదం.

రాత్రి పది దాటాక కారంగా తిని వెంటనే పడుకోవడం మరో కారణం. పడక మీదికి వెళ్లే మూడు గంటల ముందే భోజనం ముగియాలి. మంచం తలవైపు కాళ్ల కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు ఇటుకలో చెక్కలో పెట్టాలి. దిండ్లు పెంచితే నడుం దగ్గర మడత పడి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది తప్ప ఉపయోగం లేదు. గ్యాస్ మాత్రల విషయంలో మితం అవసరం. ఎప్పుడూ పోని గొంతు లక్షణాలున్న 346 మందికి బ్రిటన్‌లో 16 వారాలు లాన్సోప్రజోల్ అనే గ్యాస్ మాత్ర గానీ మందు లేని ఉత్త మాత్ర గానీ ఇచ్చి చూస్తే రెండింటి ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2021లో వెల్లడైంది. గుండెల్లో మంట స్పష్టంగా ఉన్నవారికి మందు పనిచేస్తుంది. ఉత్త ముద్దకు, ఉత్త బిగుతుకు ఏళ్ల తరబడి మింగాల్సిన పని లేదు.

ఇక కొండ. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. తిరుమల ఎత్తు సముద్రమట్టానికి సుమారు 850 మీటర్లు. అక్కడ గాలి పీడనం తీరం కంటే పదోవంతు తక్కువ. ఆరోగ్యవంతుల రక్తంలో ఆక్సిజన్ దీనివల్ల పెద్దగా పడిపోదు. ఆయాసం తెప్పించేది ఎత్తు కంటే ఎక్కే వేగం. గాలిగోపురం దాకా ఉత్సాహంగా ఎక్కినవారికి మోకాళ్ల పర్వతం దగ్గర నోరు తెరుచుకుని రొప్పు మొదలవుతుంది. భుజాలు చెవుల దాకా లేస్తాయి, ఎండిన గాలి నేరుగా గొంతుకు తగులుతుంది. గోవింద నామం గట్టిగా పలికినప్పుడు స్వరతంత్రులు మూసుకోవాలి, వెంటనే పెద్ద ఊపిరికి తెరుచుకోవాలి. సున్నితమైన గొంతు ఈ మార్పిడి దగ్గరే తడబడుతుంది. ఇలాంటివారు మెట్టు ఎక్కుతూ మెల్లగా స్మరించుకుని, గట్టిగా పలకడం ఆగిన చోటికి ఉంచుకుంటే మంచిది. ముక్కుతో పీల్చగలిగినంత వేగమే సరైన వేగం. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు వైద్యుడు సరేనన్నాకే కాలినడక పెట్టుకోవాలి.

ముందు తోసిపుచ్చాల్సినవి

హిమోగ్లోబిన్ పరీక్ష చవకైనది, దాని విలువ ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మహిళల్లో 12, మగవారిలో 13 గ్రాముల కంటే తక్కువుంటే మెట్లెక్కేటప్పుడు ఆయాసానికి అదే కారణం కావచ్చు. దానితో పాటు థైరాయిడ్, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, స్పైరోమెట్రీ, అవసరమైతే ఎకో (గుండె స్కాన్). ఇవన్నీ అయ్యాక ఈఎన్‌టీ వైద్యుడు ముక్కు ద్వారా సన్నని గొట్టంతో స్వరపేటిక చూస్తాడు. ఇబ్బంది లేని రోజున చూస్తే అంతా మామూలుగా ఉండటమే సహజం. అందుకే ఇబ్బంది వచ్చినప్పుడు ఫోన్లో ముప్పై సెకన్ల వీడియో, గొంతు శబ్దం వినపడేలా తీసి చూపించడం ఎంతో ఉపయోగం. తిరుపతిలో రుయా, స్విమ్స్ వంటి పెద్దాసుపత్రులకు వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు, వాడిన ఇన్‌హేలర్లు సంచిలో పెట్టుకుని వెళ్లాలి.

కొన్ని లక్షణాలుంటే మాత్రం సాధనలు పక్కనపెట్టి 108కి ఫోన్ చేయాలి. ఛాతీనొప్పి చేతికో దవడకో పాకడం, పెదాలు నీలంగా మారడం, ఆక్సిజన్ 94 కంటే తగ్గడం, ఒక్క వాక్యం కూడా పూర్తిగా పలకలేకపోవడం, దగ్గులో రక్తం, ఒక కాలు మాత్రమే వాచి ఆయాసం రావడం, ఏదైనా తిన్నాక లేదా మందు వేసుకున్నాక ముఖం, పెదాలు, నాలుక ఉబ్బడం, జ్వరంతో ఉమ్మి కూడా మింగలేకపోవడం.

సాధన: వదలడంతో మొదలు

గొంతు పట్టేసినప్పుడు చేసేది ఇది. కూర్చుని రెండు అరచేతులూ తొడల మీద పెట్టి భుజాలు వదిలేయాలి. నాలుక కొసను కింది పళ్ల వెనక ఆనించాలి. ముందు ఉన్న గాలిని ‘స్స్స్’ అంటూ వదలాలి. తర్వాత పువ్వు వాసన చూసినట్టు ముక్కుతో రెండు చిన్న ఎగపీల్పులు. ఎగపీల్చినప్పుడు స్వరతంత్రులు వాటంతట అవే తెరుచుకుంటాయి. మళ్లీ పెదాలు సున్నాలా చుట్టి, వేడి కాఫీ ఊదినట్టు పీల్చినదానికి రెండింతల సేపు వదలాలి. ఇలా అయిదు నుంచి పది సార్లు. పీల్చడం గురించి ఆలోచనే వద్దు. వదిలితే అదే వస్తుంది.

అతిశ్వాసకు రోజువారీ సాధన వేరు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి బొడ్డు మీద. కింది చెయ్యి మాత్రమే కదలాలి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేసరికి పీల్చి, ఆరు లెక్కపెట్టేసరికి వదిలి, ఒక క్షణం ఊరుకోవాలి. ఒక్కోసారి పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు. తల తిరిగితే ఊపిరి పెద్దదైపోయిందని గుర్తు. వేగం తగ్గిస్తే సరిపోదు, పరిమాణం తగ్గించాలి. యోగా చేసేవారు వేగంగా ఊపిరి ఆడించే కపాలభాతి, భస్త్రిక కొన్నాళ్లు పక్కనపెట్టి, పొడవుగా వదిలే భ్రామరి మాత్రం చేసుకోవచ్చు.

బిగుతుకు రెండు పనులు. సగం గ్లాసు నీళ్లలో స్ట్రా రెండు మూడు సెంటీమీటర్ల లోతు ముంచి, ‘ఊ’ అని పలుకుతూ బుడగలు రానివ్వాలి. బుడగలు ఒకే తీరున రావాలి. ఎగసిపడితే ఎక్కువ ఊదుతున్నట్టు. అయిదు నిమిషాలు చాలు. రెండోది మర్దన. బొటనవేలు, చూపుడువేలు గొంతుముడికి చెరోపక్క పైఅంచు దగ్గర పెట్టి, దవడ జారవిడిచి, చిన్న సున్నాలు చుడుతూ మెల్లగా కిందికి జరపాలి. రెండు పక్కలా నాడి కొట్టుకునే చోట మాత్రం నొక్కకూడదు. పెద్ద వయసువారు, పక్షవాతం వచ్చినవారు స్పీచ్ థెరపిస్ట్ చూపించకుండా దీని జోలికి పోవద్దు.

చాలామందికి ఇవి పనిచేయకపోవడానికి కారణం ఒక్కటే. ఇబ్బంది వచ్చినప్పుడే మొదటిసారి ప్రయత్నిస్తారు. ఈత రానివాడు నూతిలో పడ్డాక నేర్చుకోవడం లాంటిది. బాగున్నప్పుడు, పాలు కాగే లోపు, బస్సు కోసం నిలబడ్డప్పుడు రోజుకు నాలుగైదుసార్లు పదేసి శ్వాసల చొప్పున చేయాలి. కొన్ని వారాలకు గానీ శరీరం దాన్ని సొంతం చేసుకోదు. ఇంకో పొరపాటు ఆక్సీమీటర్ పదేపదే పెట్టుకోవడం. చల్లటి వేళ్లు, నెయిల్ పాలిష్ వల్ల తప్పు అంకె వస్తే అదే కొత్త భయం. కాగితపు సంచిలో ఊపిరి పీల్చే పాత చిట్కా అసలే వద్దు. లోపల నిజమైన ఉబ్బసమో గుండె జబ్బో ఉంటే ప్రాణం మీదికి తెస్తుంది.

భయం ఈ వలయంలో భాగమైనప్పుడు దానికీ వైద్యం ఉంది. మానసిక సహాయానికి ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. భయం తగ్గించే వైద్యం తీసుకున్నంత మాత్రాన గొంతు ఇబ్బంది అబద్ధమైపోదు.

ఇక పక్కనున్నవారి పని. చుట్టూ మూగి ‘గట్టిగా పీల్చు, ఇంకా పీల్చు’ అని అరవకూడదు. వీపు బాదకూడదు, బలవంతంగా నీళ్లు పట్టకూడదు. ఒక్కరు మాత్రం ఎదురుగా, కళ్లు కలిసే ఎత్తులో కూర్చుని, తామే పెదాలు చుట్టి నెమ్మదిగా గాలి వదులుతూ కనిపించాలి. మాటలు చెప్పేకంటే ఎదుటివారి ఊపిరితో ఊపిరి కలపడం తేలిక. మరో మనిషి గడియారం చూస్తూ ఎన్ని నిమిషాలు పట్టిందో, మొదలయ్యేముందు ఏ వాసన వచ్చిందో, ఏం తిన్నారో, ఏ మెట్టు దగ్గర మొదలైందో రాసిపెట్టాలి. వైద్యుడు మొదట అడిగేది ఆ వివరాలే.